నీళ్ళలో ఉన్న పుట్

నా చిన్నప్పుడు ఒడిశా కొండల్లోని లమ్తపుట్‌లో మాకో కిరాణా కొట్టు ఉండేది. ఆ కొండల్లో చాలా ఊళ్ళ పేర్లు ‘పుట్’తో ముగుస్తాయి. బస్సెక్కితే ఆ ఊళ్ళు లెక్కపెట్టడమే అమ్మకీ నాకూ ఆట. ఎడమ వైపు ఊళ్ళు ఆమెవి, కుడి వైపువి నావి. కొరాపుట్ చేరాక రెండూ కూడేవాళ్ళం. నాకు కూడిక అలాగే వచ్చింది.

ఒక వానాకాలం అమ్మ జ్వరంతో పోయింది. ఊరి చివర వాగు ఒడ్డున దహనం చేశారు. కొట్టునీ నన్నూ ఒక్కడే చూసుకోలేక, నాన్న కొట్టు మూసేసి, విజయనగరంలో ఉన్న నాన్నమ్మ దగ్గరికి నన్ను బయల్దేరదీశాడు. మేం కూడా వెళ్ళిపోతే అమ్మ అక్కడ ఒక్కతే మిగిలిపోతుందని నా భయం. ఆ మాట నాన్నతో అనలేకపోయాను. బస్సులో ఎటువైపూ చూడకుండా తల వంచుకుని కూర్చున్నాను.

సంతరోజున మా కొట్టుకొచ్చి చోళ్ళు, అంటే రాగులు, ఇచ్చి ఉప్పు పట్టుకెళ్ళే గదబ తెగ అవ్వ దారిలో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎక్కడికని కండక్టర్ అడిగితే, ఆనకట్ట కట్టాక మునిగిపోయిన తన ఊరి పేరు చెప్పింది. అదీ ‘పుట్’తో ముగిసేదే. అతనిది సాలూరు. పకపకా నవ్వాడు.

“ఏటవ్వా, బస్సుకి తెడ్లు కట్టమంటావేటి?”

“తెడ్లెందుకు బాబూ. నీల్లు తగిలినకాడ దింపెయ్.”

ఊరే లేనప్పుడు ఇంకా ఆ పేరెందుకని నేను అడిగాను. ఆమెకి కోపం రాలేదు.

“పుట్ అంటే ఇల్లు కాదమ్మి. మనోల్లున్న సోటు. మా సిన్నోడి రాయి ఆ నీల్లలోనే ఉంది. నేను పేరు సెప్పడం మానేత్తే ఆడిది ఏ ఊరు?”

గదబలు పోయినవాళ్ళ పేర ఊరి మధ్యలో రాయి నిలబెడతారు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునేది ఆ రాళ్ళ దగ్గరే. ఊరు ఖాళీ చేసేటప్పుడు సామానంతా తెచ్చుకుంది గాని, కొడుకు రాయిని పెకలించడానికి ఆమెకి చేతులు రాలేదట.

నీళ్ళు కనబడే మలుపులో ఆమె దిగింది. ఆకు పొట్లంలో తెచ్చిన అన్నం ఒడ్డున పెట్టి, నీళ్ళకేసి తిరిగి ఊరి పేరు పెట్టి పిలిచింది, పొలంలో ఉన్న పిల్లాణ్ణి భోజనానికి కేకేసినట్టు. బస్సు కదిలింది. అమ్మ పోయిన రోజు కూడా నా ముందు ఏడవని నాన్న, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను తలెత్తి లెక్క మొదలుపెట్టాను. ఈసారి రెండు వైపులా నేనే చూడాల్సి వచ్చింది.

‘పుట్’ అన్న మాట మొదట ఏ భాషదో తర్వాత చాలామందిని అడిగాను. తలా ఒకటి చెప్పారు, ఏదీ తేలలేదు. అవ్వ చెప్పిన అర్థాన్నే ఉంచుకున్నాను. మీది ఏ ఊరని ఎవరడిగినా లమ్తపుట్ అంటాను. అక్కడ మాకు ఇల్లు లేదు, చుట్టాలు లేరు.

ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ లెక్కపెడతాను. మొత్తం కూడేటప్పుడు నీళ్ళలో ఉన్నదాన్ని కూడా కలుపుతాను. ఎడమ వైపువి ఇప్పటికీ అమ్మవే.