పులికాట్ దారిలో మూడుసార్లు లేచిన ముల్లు

గులాబీ రంగు కొంగలు ఉంటాయంటే మా పిన్ని నమ్మి ఉంటే నేనీ ప్రయాణం చేసేదాన్ని కాదు. మా రమణమ్మ పిన్నిది సంగం. బాబాయి పోయినప్పటి నుంచీ నాలుగెకరాల వరి తానే చేయిస్తోంది. పొలంలో రోజూ తెల్లకొంగల మధ్య తిరిగే మనిషి. పులికాట్ ఫ్లెమింగోల ఫొటో ఒకటి ఫోన్లో పంపితే, "దేవుడు కొంగకి తెలుపిచ్చినాడు, మీరు ఫోన్లో రంగులేసినారు" అని తేల్చేసింది. రెండు వారాల పాటు ఫోన్లో అదే వాదన. చివరికి జనవరి నెలాఖరున ఒక శనివారం సాయంత్రం సంచీ భుజాన వేసుకుని నెల్లూరులో మా ఇంటి గుమ్మంలో నిలబడి, "పద, చూపిద్దువుగానీ" అంది. ఒక్కటే షరతు. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఆమె కయ్యలకి, అంటే వరి మళ్ళకి, కాలవ నీళ్ళ వంతు. పైరు పొట్ట మీదుంది, వెన్ను తీసే అదను. ఆ వంతు తప్పితే మళ్ళీ పది రోజులకు గానీ రాదు. అందుకని ఆదివారం రాత్రి తొమ్మిదిలోపు ఆమెను సంగం బస్సెక్కించాలి.

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. కారు నడపడం నేర్చుకుని ఏడాదిన్నరే అయింది. పదేళ్ళ వయసున్న పెట్రోలు కారు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అప్పటిదాకా ఊరు దాటి ముప్పై కిలోమీటర్ల కంటే ఎక్కువ పోలేదు. ఆదివారం ఉదయం ఆరుంబావుకి బయల్దేరాం. పదిహేను వందల రూపాయల పెట్రోలు పోయిస్తే రానూపోనూ సరిపోయింది. నెల్లూరు నుంచి చెన్నై వైపు హైవే ఎక్కితే గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది. మొత్తం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు బాగుంటుంది, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కూడా ధైర్యంగా పోవచ్చు.

వెంకటాచలం టోల్‌గేటు దగ్గర ముందున్న లారీ ఫాస్టాగ్ స్టిక్కరు పనిచేయక ఏడెనిమిది నిమిషాలు ఆగిపోయాం. ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎప్పుడూ మధ్యలో ఉండేది, అప్పుడు కాస్త పైకి లేచింది. గేటు దాటి వేగం అందుకోగానే మళ్ళీ మధ్యకి దిగింది. దిగింది కదా అని ఊరుకున్నాను. గూడూరులో ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. ఇద్దరికీ నూరు రూపాయలు దాటలేదు. పిన్ని రెండోసారి నెయ్యి అడిగి వేయించుకుంది.

దొరవారిసత్రం దగ్గర హైవే దిగి నేలపట్టు దారి పడితే రెండు పక్కలా పొలాలు. పిన్ని అద్దం దించి ప్రతి కయ్యకీ మార్కులు వేయడం మొదలుపెట్టింది. "ఈయన యూరియా ఎక్కువేసినాడు, ఆకు చూడు ఎంత నలుపో." మా ముందు గడ్డి ట్రాక్టరు ఒకటి నిండు చూలాలిలా పోతోంది. దాటే చోటు లేక రెండు కిలోమీటర్లు దాని వెనకే పాకాం. ముల్లు మళ్ళీ లేచింది, ఏసీలో గాలి గోరువెచ్చగా వచ్చింది. ట్రాక్టరు పక్కకి తిరిగాక నేను కొంచెం వేగంగా పోనిచ్చేసరికి అంతా సర్దుకుంది. ఇది రెండోసారి. ఇంత స్పష్టంగా కనిపిస్తున్న వరసని మా ఎనిమిదో తరగతి పిల్లలు గుర్తుపట్టకపోతే నేను మందలిస్తాను.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, అంటే పెలికన్లు, చూడాలంటే పదింటిలోపే వెళ్ళండి. ప్రవేశ రుసుము నామమాత్రం. చెరువులో మొల లోతు నీళ్ళలో చెట్లు నిలబడి ఉంటాయి. ఒక్కో చెట్టు మీద పది పదిహేను గూళ్ళు, వాటిలో ముక్కు కింద సంచీలు వేలాడేసుకున్న పక్షులు. పిల్ల పక్షి తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి తింటుంటే పిన్ని చాలాసేపు కదలకుండా చూసింది. "తల్లికి ఊపిరి ఆడతాదా?" అని అక్కడున్న కాపలాదారుని అడిగింది. "అలవాటైపోతాదమ్మా" అన్నాడు ఆయన. అయితే ఇవన్నీ బూడిద, తెలుపు రంగులవే. పిన్ని నా వైపు చూసి నవ్వింది.

పదకొండుంబావుకి అక్కడి నుంచి సూళ్ళూరుపేట, అక్కడి నుంచి పులికాట్ సరస్సు వైపు. ఫ్లెమింగోలు కనిపించేది ఆ దారిలోనే. నీళ్ళు ఇంకా కనిపించకముందే ఒకచోట రోడ్డు పని జరుగుతోంది. ఒక పక్క మూసేసి వాహనాలను వంతులవారీగా వదులుతున్నారు. దుమ్ముకి అద్దాలెత్తి, ఏసీ పెట్టుకుని పావుగంట నిలబడ్డాం. మా వంతు వచ్చి అర కిలోమీటరు పోయామో లేదో ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఒక చిన్న మత్స్యకార పల్లె మొదట్లో కారు పక్కకి ఆపి ఇంజన్ కట్టేశాను. అప్పుడు టైము పన్నెండూ ఇరవై.

 నీళ్ళు తక్కువైతే ఇలా అవుతుందని ఎక్కడో విన్నాను కాబట్టి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద తువ్వాలు వేసి తిప్పబోయాను. పిన్ని నా మణికట్టు పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది. గాజు ఒకటి పగిలింది.

"తీయబాకు" అంది. తర్వాత జాకెట్ చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర చూపించింది. అరచేయంత మేర చర్మం ముడతలు పడి తెల్లగా ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మచ్చే. ఎలా అయిందని ఎప్పుడూ అడగలేదు.

"నాట్లకి బురద దమ్ము చేస్తా ఉండాం. ట్రాక్టరు వేడెక్కి ఆగింది. డ్రైవరు నీళ్ళకి పోయినాడు. నాటే కూలోళ్ళు ఇరవైమంది గట్టు మీద కూర్చోనుండారు, రోజు పోతాదని నేనే మూత తిప్పినా. నీళ్ళు కాదు పాపా, నిప్పు ఎగిరింది. మొహం పక్కకి తిప్పినా కాబట్టి కళ్ళు మిగిలినాయి. ఆ పంటకి నేను కయ్యలో దిగలా."

ఇద్దరం రోడ్డు పక్కన సర్కారు తుమ్మ నీడలో కూర్చున్నాం. బైకు మీద పోతూ ఒకాయన ఆగాడు. తనకు బైకుల షెడ్డు ఉందన్నాడు. ఆవిరి చూసి తల అడ్డంగా ఊపాడు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది మేడమ్, ఇంజన్ తలకాయ కింద ఉండే పట్టీ. ఇంజన్ దించాల. వేరే బండి మీద నెల్లూరికి ఎత్తుకుపోండి. పాతికవేలకి తగ్గదు." మంచి మనిషే, బండి వాళ్ళ నెంబరు కూడా ఇచ్చాడు. ఫోన్ చేస్తే సాయంత్రం ఆరు దాటాక గానీ రాలేమన్నారు. పిన్ని వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. ఇక్కడి నుంచి ఆటో, సూళ్ళూరుపేట నుంచి రైలో బస్సో పట్టుకుంటే తన వంతుకి అందుకోగలదు. "పో పిన్నీ, నేను చూసుకుంటాను" అన్నాను. "తెలియని ఊళ్ళో నిన్నొదిలేసి నీళ్ళు కట్టుకుంటానా? ఎండితే ఎండనీ" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. పొట్ట మీదున్న పైరు గురించి ఆమె నోట ఆ మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

ఎదురుగా ఇంటి వరండాలోంచి ఒకావిడ ఇదంతా చూస్తోంది. పేరు లక్ష్మి. పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకి భోజనాలు వండిపెడుతుంది. మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మా ఆయన పడవ ఇంజన్లు బాగుచేస్తాడక్కా. కారంటే ఏమంటాడో, ఒక మాట అడగతా" అంది. ఆమె భర్త శీనన్న చేతులు నూనె గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఇంజన్ వైపు చూడకుండా ముందు నన్ను అడిగాడు.

"ముల్లు ఎప్పుడెప్పుడు లేచిందక్కా?"

టోల్‌గేటు, ట్రాక్టరు, రోడ్డు పని, అన్నీ చెప్పాను.

"హైవేలో లేచిందా?"

"లేదు. అక్కడ సరిగ్గానే ఉంది."

"అదీ సంగతి. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి తగిలి ఇంజను చల్లారతా ఉండాది. నిలబడితే గాలి ఎవరియ్యాల? ఫ్యాను. అది తిరగటంలా అనుకుంటా. ముందు చల్లారనీండి, అన్నం తినండి."

నూట ఇరవై రూపాయల భోజనం. వంకాయలో వేసిన చిన్న రొయ్యలు, పీతల పులుసు, చిక్కటి మజ్జిగ. పిన్ని పులుసు రెండుసార్లు వేయించుకుని, ధనియాలు ఎలా వేయించారో లక్ష్మిని అడిగి తెలుసుకుంది. దిగులు దిగులే, ఆకలి ఆకలే.

గంట తర్వాత శీనన్న తడిగుడ్డ వేసి మూతని కొంచెం కొంచెంగా తిప్పాడు. లోపల సగం ఖాళీ. "హెడ్ పోయిందన్నాడే ఒకాయన?" అని పిన్ని అడిగింది. ఆయన ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి గుడ్డ మీద తుడిచి చూపించాడు. "హెడ్ పోతే శానాసార్లు నూనెలో నీళ్ళు కలిసి పాలు పోసిన టీ మాదిరి ఉంటాది పెద్దమ్మా. ఇది శుభ్రంగా ఉండాది. నూటికి నూరు అని చెప్పను. తేలికవి చూసినాక కష్టమైనవి చూద్దాం."

పల్లె వెనకే సరస్సు నిండా నీళ్ళున్నా కారుకి ఒక్క చుక్క పనికిరాదు. ఆ ఉప్పునీళ్ళు పోస్తే రేడియేటర్ జల్లెడైపోతుందన్నాడు. లక్ష్మి తాగే నీళ్ళ క్యాను తెచ్చింది. నీళ్ళు నిండాక ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ పెట్టమన్నాడు. ఏసీ పెట్టగానే రేడియేటర్ వెనకున్న ఫ్యాను తిరగాలట. అది కదల్లేదు. ఇంజన్ కట్టేసి, ఫ్యాను వైరు ఊడదీసి, రెండు తీగలతో బ్యాటరీకి నేరుగా తగిలించాడు. బర్రున తిరిగింది. "ఫ్యాను బతికే ఉండాది. దానికి కరెంటు అందటంలా." ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. ఇక మిగిలింది రిలే, అంటే కరెంటుని కలిపి తీసే చిన్న నల్ల డబ్బా, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. పీకి చూస్తే దాని కాలు ఒకటి కాలి నల్లబడింది.

కొత్తది ఆ పల్లెలో దొరకదు. ఆదివారం కాబట్టి సూళ్ళూరుపేటలోనూ షాపులు మూసి ఉంటాయి. శీనన్న డబ్బాలన్నిటి మీదా రాసిన అంకెలు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "హారన్‌దీ, ఫ్యాన్‌దీ ఒకటే రకం. హారన్ లేకుండా మెల్లిగా పోవచ్చు. ఫ్యాను లేకుండా పోలేరు." హారన్ రిలే తీసి ఫ్యాను స్థానంలో గుచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ పెట్టాను. ఫ్యాను తిరిగింది.

ఆయన అప్పుడే వదల్లేదు. నిలబెట్టిన కారుని ఇరవై నిమిషాలు అలాగే నడిపించాడు. మేం నలుగురం ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాం. మధ్యకి వచ్చి ఆగింది. అక్కడే ఉండిపోయింది. పిన్ని నా భుజం మీద చెయ్యేసింది. శీనన్న మూడొందలు తీసుకుని, దారిలో రెండుసార్లు ఆగి చూసుకోమని, నెల్లూరులో నీళ్ళు తీయించి ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ పోయించమని చెప్పాడు.

నాలుగింటికి సరస్సు మధ్య రోడ్డు మీద ఉన్నాం. దూరంగా నీళ్ళలో తెల్లటి గీత ఒకటి కనిపించింది. "తెలుపే గదా" అంది పిన్ని. ఆ గీత ఒక కొస నుంచి కదిలింది. పక్షులు ఒకదాని వెనక ఒకటి రెక్కలు విప్పి లేచాయి. రెక్కల కింద రంగు ఎండలో వెలిగింది, వానాకాలం పొద్దుగూకే ముందు మబ్బుకి వచ్చే రంగు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అవి మా నెత్తి మీదుగా తిరిగి మళ్ళీ నీళ్ళలో వాలాయి. తర్వాత మెల్లిగా, "రంగు లోపల దాచుకుంటాయన్న మాట" అంది. పిల్ల పక్షులు మాత్రం బూడిద రంగువని చూపించి, వాదనలో సగం గెలుపు తనదే అంది. ఒప్పుకున్నాను.

తిరుగు దారిలో పల్లెల మధ్య మా పిన్నే హారన్. చెయ్యి బయటపెట్టి తలుపు మీద దబదబా కొడుతూ, "జరగండయ్యా, మా కారుకి నోరు లేదు" అంటూ వచ్చింది. గేదెలు కూడా దారిచ్చాయి. హైవే మీద ఎడమ పక్కనే, ఎవరినీ దాటకుండా నడిపాను. గూడూరు ముందొకసారి, తర్వాతొకసారి ఆగి చూశాం, ముల్లు కదల్లేదు. ఎనిమిదిన్నరకి నెల్లూరు బస్టాండులో ఆమెకి కిటికీ పక్క సీటు దొరికింది. మర్నాడు ఉదయం ఆమె కయ్యల్లో నీళ్ళు నిండాయి. నేను స్కూలు అయ్యాక రిలే కొన్నాను. నూట ఎనభై రూపాయలు.

ఆ రోజంతా నేను ముల్లు ఎంత లేచిందనే చూశాను. బైకాయన ఆవిరి ఎంత వస్తోందని చూశాడు. శీనన్న ఒక్కడే ఎప్పుడు లేచిందని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు పొద్దుటి నుంచీ నా దగ్గరే ఉంది. ఆయన అడిగేదాకా అది ఉన్న సంగతే నాకు తెలియలేదు. భయపడినప్పుడు మనకి తోచేది రెండే, కళ్ళు మూసుకుని పోనివ్వడం, లేదా ఆత్రంగా మూత తిప్పడం. ఒక గంట నీడలో కూర్చుని, ఎవరో వండిన అన్నం తిని, జరిగింది వరసగా చెప్పుకోవడం కూడా మరమ్మతేనని నేను ఆ వరండాలో తెలుసుకున్నాను.

ఈ దారిలో సొంత కారులో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ముందురోజు కారుని ఇంటి ముందే నిలబెట్టి ఏసీ పెట్టి పది నిమిషాలు నడపండి. చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే ముందు జాలీలోంచి చూడండి, ఫ్యాను తిరుగుతుండాలి. తిరగకపోతే ప్రయాణం వాయిదా వేసి మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. తొందరేం లేదు, పక్షులు మార్చి దాకా ఉంటాయి.