షుగరు పరీక్షకు ముందు రోజు

మా నాయన లావయ్యాడని చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఎవరూ అనరు. "మనిషి బాగుండాడు" అంటారు. చేను కౌలుకిచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాక ఆయన చాలా బాగయ్యాడు. ఆ బాగును చొక్కా గుండీలు తట్టుకోలేకపోయాయి. బీపీ వచ్చింది, షుగరొచ్చింది, కుడికంట్లో శుక్లం వచ్చింది. ఎడమకన్ను చిన్నప్పుడే కంపముల్లు గుచ్చుకుని పోయింది. కాబట్టి ఉన్నది ఆ ఒక్క కన్నే.

షుగరు తగ్గితేనే ఆపరేషన్ చేస్తానని హిందూపురం డాక్టరు ఒకసారి వెనక్కి పంపాడు. నాయనకు అది అవమానం. ఎందుకంటే ఊళ్లో నర్సమ్మ వేలు గుచ్చిన ప్రతిసారీ ఆయన పాసయ్యేవాడు. ముందు రోజంతా పస్తుండటమే రహస్యం. ఊళ్లో పెద్దవాళ్లందరిదీ అదే పద్ధతి. పరీక్ష కాగానే అందరూ కలిసి హోటల్లో బోండాలు తినేవారు. నర్సమ్మ మాత్రం మా ఊరి ఆరోగ్యం చూసి మురిసిపోయేది.

ఈసారి నేనూ వెంట వెళ్లాను. ధర్మవరంలో కాలేజీకి సెలవు పెట్టి, చెన్నేకొత్తపల్లిలో ఆయనతో కలిసి హిందూపురం బస్సెక్కాను. కూర్చున్నప్పటి నుంచీ నాకు నిలకడ లేదు. కిటికీ తీశాను, వేశాను. ఆస్పత్రి ఫైలు మూడుసార్లు విప్పి చూసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను.

"రాత్రి ఏం తింటివి నాయనా?"

"ఏమీ లేదు. నిన్న పొద్దున సంగటి తిన్నా, అంతే."

"మాత్ర?"

"అది మర్సిపోతానా? పక్కింటి అవ్వవి కూడా రెండు ఏసుకున్న్యా. ఆమెవి శానా పవరంట."

రాత్రంతా కూర్చుని చదివిన విద్యార్థి చెప్పినట్టు చెప్పాడు. నేను మళ్లీ కిటికీ తీశాను.

పెనుకొండ ఇంకా రాలేదు, ఆయన మెడ మీద చెమట కారుతోంది. ఫైలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"ఏమైతాంది నాయనా?"

"ఎండ."

పొద్దున ఏడున్నర. ముందు సీట్లోని పెద్దామె వెనక్కి తిరిగింది. నాయన కంటే బాగుంది ఆమె. "ఏమబ్బా, ఆయప్పకు షుగరు దిగిపోతాంది. నాకూ ఇట్లనే అయితాది," అని సంచిలోంచి చాక్లెట్ తీసి నా చేతిలో పెట్టింది.

నాయన నోరు బిగించాడు. "ఇది తింటే రిజల్టు చెడిపోతాది."

"తినకపోతే నువ్వే పోతావు," అన్నాను.

"ఈ పొద్దు గూడా ఫెయిలైతే కన్నెప్పుడు బాగయ్యేది?" మాట ముద్దముద్దగా వస్తోంది. "ఒక గంట ఓర్సుకుంటా. హిందూపురం వచ్చేస్తాది."

ఆ గంట ఓర్చుకుంటే కన్ను దక్కుతుందేమోనని ఒక్క క్షణం నేనూ లెక్కేశాను. చదువుకున్నవాడిని మరి.

"ఏందప్పా, పరీచ్చకు పోయే పిల్లోని మాదిరి మొండి చేస్తాండావు?" అంది పెద్దామె. "నోరు తెరువు." నాయన తెరిచాడు. నా మాటకు తెరవని నోరు. పెనుకొండ బస్టాండులో చక్కెర ఎక్కువేయించి టీ తెచ్చాను. రెండు గ్లాసులు తాగాక ఆయన మళ్లీ మనుషుల్ని గుర్తుపట్టాడు. ముందుగా నన్ను తిట్టాడు.

హిందూపురంలో ఆపరేషన్ జరగలేదు. సాయంత్రం దాకా మంచమ్మీద పడుకోబెట్టి గంటగంటకూ వేలు గుచ్చారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేశారు. టీతో సంబంధం లేకుండానే అందులో నాయన ఘోరంగా తప్పాడు.

"మూడు నెలల తరవాత రండి. ఈలోగా పస్తులొద్దు. రోజూ కొంచెం తినండి, నడవండి, మీ మాత్రలే వేసుకోండి," అన్నాడు డాక్టరు.

నాయన వేళ్ల మీద నెలలు లెక్కేసుకున్నాడు. "మూడు నెల్లు ఉపాసమంటే కష్టమే సార్" అన్నాడు.

మెట్లు దిగేటప్పుడు పాదంతో ఒక్కో మెట్టూ తడుముకుంటూ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

ఇదివరకు పొద్దున్నే ఫోన్ చేసి, అన్నం తినలేదు కదా అని అడిగేవాణ్ణి. ఇప్పుడు, తిన్నావా అని అడుగుతున్నాను.

"తిన్నా" అంటాడు.

నిజమైతే ఎంత తిన్నాడో అని భయం. అబద్ధమైతే ఇంకో భయం. పరీక్షకు ఇంకా రెండు నెలలుంది.