జీతాలక్క ఆపని సంతకం

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బిస్కెట్ల కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళు జీతాల విభాగంలో పనిచేసింది కాబట్టి అందరికీ జీతాలక్కే. పేస్లిప్పులో కోత ఎందుకు పడిందో అర్థం కానివాళ్ళు, సెలవు అడిగితే సూపర్‌వైజరు కసురుకున్నాడని ముఖం వేలాడేసుకున్నవాళ్ళు, ఉద్యోగం ఊడినవాళ్ళు ఆమె తలుపే తట్టేవారు. కార్మిక చట్టాల పుస్తకానికి అట్ట ఊడిపోతే ప్యాకింగు టేపుతో అంటించుకుంది. నిజానికి పుస్తకం తెరవాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడోగానీ రాదు.

చెల్లెలు అదే మేడలో రెండంతస్తుల కింద ఉండేది. తల్లి పోయేనాటికి చెల్లెలికి ఆరేళ్ళు, జీతాలక్కకు పదిహేడు. జడ వేసింది, బడికి పంపింది, తన్నాల్సినప్పుడు తన్నింది, తర్వాత తనే ఏడ్చింది. ఆ చెల్లెలు పెద్దదై బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పే పనిలో చేరింది. అప్పటినుంచి ఇంటా బయటా ఆమె పేరు ‘మైకు’. మాట్లాడితే ముత్యాలు పేర్చినట్టు ఒక్కో అక్షరం విడిగా వినిపించేది. భర్త ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకుని వెళ్ళిపోయిన రోజున కూడా, “వెళ్ళవలసిన బస్సు వెళ్ళిపోయినది, ప్రయాణికులు గమనించగలరు” అని బస్టాండు గొంతుతో చెప్పి కూతుర్ని నవ్వించిన మనిషి.

బస్టాండులో రికార్డింగు యంత్రం పెట్టి మైకును ఇంటికి పంపించేశారు. ఆ సంవత్సరమే బిస్కెట్ల కార్ఖానా కూడా మూతపడింది. జీతాలక్కకు త్వరగానే వేరే పని దొరికింది. బజారులో, కళ్ళద్దాల కొట్టు పైన, రెండు గదుల ఆఫీసు. పరాయి దేశపు కంపెనీలు ఇక్కడ ఆఫీసు తెరవకుండానే ఇక్కడి మనుషుల్ని పనిలో పెట్టుకోవాలనుకుంటే, వాళ్ళ తరఫున ఈ ఆఫీసు నియామక పత్రం ఇస్తుంది, నెలనెలా జీతం వేస్తుంది, ప్రభుత్వానికి కట్టాల్సింది కడుతుంది, సెలవులు లెక్క చూస్తుంది. ఆ పనంతా జీతాలక్కది. కంప్యూటర్లో కనబడే ఆ పరాయి దేశాలవాళ్ళకు ఇక్కడి చట్టం ఓపిగ్గా చెప్పడం కూడా ఆమె పనే.

“రేపట్నుంచి రావద్దని ఈమెయిలు పెట్టేస్తే సరిపోదా?” అని ఒకాయన అడిగితే, “మీ దగ్గర సరిపోతుందేమో బాబూ. ఇక్కడ కారణం చెప్పాలి, మనిషి మాట వినాలి, నోటీసు గడువు ఇవ్వాలి. పనిమనిషిని కూడా మేం అలా పంపం,” అనేది. మనిషి ఏ దేశంలో కూర్చుని పనిచేస్తే ఆ దేశపు చట్టమే వర్తిస్తుందన్నది ఆమె మొదటి పాఠం. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో వినికిడి యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి వచ్చింది. యంత్రం చెవిలో ఎలా పెట్టుకోవాలో, బ్యాటరీ ఎలా మార్చాలో ముసలివాళ్ళకు ఫోనులో చెప్పడానికి నలుగురు మనుషులు కావాలి. ఆ కంపెనీ తరఫున మాట్లాడే ఆవిడ ఎప్పుడూ తెర మీదే కనబడేది కాబట్టి ఆఫీసులో ఆమెకు ‘స్క్రీనమ్మ’ అని పేరు పెట్టేశారు. మంచి మనిషే, నవ్వుతూ మాట్లాడేది. కానీ నలుగురినీ ఉద్యోగులుగా వద్దంది. కాంట్రాక్టు మీద, ఆరు నెలలకు అంది.

జీతాలక్క ఊరుకోలేదు. “అమ్మా, తొమ్మిదింటికి రమ్మని మీరు చెప్తారు. కుర్చీ మీది, హెడ్‌ఫోను మీది. ఏం మాట్లాడాలో కూడా మీరే రాసిస్తారు. ఇంకొకరి దగ్గర పనిచెయ్యకూడదంటారు. ఇలాంటి మనిషిని మా చట్టం ఉద్యోగి అంటుంది. కాగితం మీద కాంట్రాక్టరని రాసుకున్నంత మాత్రాన కాంట్రాక్టరు అయిపోదు.”

స్క్రీనమ్మ తల ఊపింది. ఆలోచిస్తామంది. ఆమె తెర మీంచి వెళ్ళిపోగానే మేనేజరు జీతాలక్క బల్ల దగ్గరికి వచ్చాడు.

“వచ్చినవాళ్ళని గుమ్మంలోనే బెదరగొడితే ఎలా అక్కా? ఆరు నెలలు చూస్తామంటున్నారు. పని నచ్చితే అందర్నీ ఉద్యోగులుగా మార్చేస్తారు. నాదీ పూచీ.”

ఆ క్షణంలో ఆమె గట్టిగా కాదని ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. కానీ ఆమె మనసులో అప్పటికే ఒక మాట తిరుగుతోంది. చెవులు సరిగ్గా వినబడని ముసలివాళ్ళకు మైకు గొంతు కంటే మంచి గొంతు ఎక్కడ దొరుకుతుంది? ఏడాదిగా ఖాళీగా ఉంది. కూతురు తొమ్మిదో తరగతి. కంపెనీ వెనక్కి పోతే ఈ పనీ పోతుంది. జీతాలక్క నీళ్ళు నమిలింది.

సంతకం రోజున మైకు ఒప్పందాన్ని పైకి చదువుతూ ఒక షరతు దగ్గర ఆగిపోయింది. పనికి రాలేని రోజున తనతో సమానమైన మనిషిని తనే వెతికి తన బదులు పంపాలట.

“నా గొంతుకి బదులు ఎవర్ని పంపనే అక్కా? నిన్ను పంపితే ముసలాళ్ళు మెషిన్లు పీకి కిటికీలోంచి పారేస్తారు.”

“నోర్ముయ్. ఆరు నెలలేగా? తర్వాత సెలవులు, జబ్బు చేస్తే జీతం, అన్నీ వస్తాయి. పెట్టు సంతకం.”

“నువ్వు పెట్టమంటే పెడతాను. నాకేం తెలుసు, చట్టమంతా నీ బుర్రలోనే కదా ఉంది,” అని నవ్వుతూ పెట్టేసింది.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఆఫీసు రెండో గదిలోంచి మైకు గొంతు వినబడుతుంటే జీతాలక్కకు పని తేలిగ్గా సాగేది. “తాతగారూ, ఎర్ర చుక్క కుడి చెవికి. కుడి అంటే మీరు గరిట పట్టుకునే చెయ్యి వైపు. గరిట పట్టుకోరా? పాపం బామ్మగారు!” అవతల ఎవరో నవ్వేవారు.

అయిదో నెలలో ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. ఆ తర్వాత మాట్లాడీ మాట్లాడీ అలిసిందనుకున్నారు. వేణ్నీళ్ళు, తేనె, మెడకు గుడ్డ. ఒక ఆదివారం వీధి చివర డాక్టరు టార్చి వేసి చూసి, మూడు వారాలు దాటిన బొంగురును ఊరికే వదలకూడదన్నాడు, పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూడాలన్నాడు. పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉదయం పూటే తెరుస్తారు. ఆదివారం సెలవు. చూపించుకోవడానికి ఒక రోజు, పరీక్షకు ఒక రోజు, ఫలితానికి ఇంకో రోజు. మైకు వారానికి ఆరు రోజులు, తొమ్మిదింటికల్లా హెడ్‌ఫోను పెట్టుకోవాలి. బదులు పంపడానికి మనిషి లేదు.

“ఏం చెయ్యమంటావే?” అని అడిగింది చెల్లెలు, మెట్ల మీద కూర్చుని.

తర్వాత జీవితాంతం జీతాలక్క చెవుల్లో మోగిన మాటలు ఆ మెట్ల మీద తను అన్నవే. “ఇంకొక్క నెల ఓపిక పట్టు. ఆరు నెలలు నిండుతాయి, ఉద్యోగిగా మారుస్తారు. అప్పుడు సెలవు నీ హక్కు. నిన్నెవరూ ఏమీ అనలేరు. ఇప్పుడు మూడు రోజులు పోయావంటే, ఈ పేరు చెప్పి పొడిగించకపోతే?”

చట్టం తెలిసిన మనిషి చెప్పిన సలహా. మైకు తల ఊపింది.

ఆరు నెలలు నిండాయి. జీతాలక్క స్క్రీనమ్మకు పెద్ద ఉత్తరం రాసింది. లాగిన్ వేళలు, టీకి లేచినప్పుడు అనుమతి అడిగిన వివరాలు జతచేసి, వీళ్ళు ఉద్యోగులేనని అంశం వెంట అంశం నిరూపించింది. మర్నాడే జవాబు వచ్చింది. చాలా ఉపయోగకరంగా రాశారట, ధన్యవాదాలట, వచ్చే బడ్జెటులో తప్పక చూస్తారట. అంతవరకు మరో ఆరు నెలలు అదే ఒప్పందం. మేనేజరు ముఖం చాటేశాడు.

ఆ కబురు విన్న మైకు తేనె సీసా బల్ల మీద పెట్టుకుని ఇంకో మూడు నెలలు ఫోనులు ఎత్తింది. చివరికి ఒక రోజు అన్నం మింగుడు పడక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, జీతాలక్క చెల్లెలి దగ్గరున్న ఒప్పందం నకలు చింపి పోగులు పెట్టి రిక్షా పిలిచింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఫలితం కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న, “ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?” అన్నదే. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గొంతుపెట్టెలో రాచపుండు. నాలుగు నెలల ముందు వచ్చుంటే బహుశా గొంతు దక్కేదని, ఇప్పుడు మనిషి దక్కాలంటే గొంతు తీసేయాలని చెప్పింది.

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం మైకు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న ఆ కాస్త గొంతుతో కబుర్లు చెప్పింది. ఏం చెప్పిందో జీతాలక్క వినలేదు. వరండాలో నిలబడింది. లోపలికి వెళ్ళే మొహం ఆమెకు లేదు.

ఆపరేషనైన పన్నెండో రోజున ఆఫీసుకు స్క్రీనమ్మ దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. మాట్లాడలేని మనిషితో ఫోను పని సాగదు కాబట్టి ఒప్పందం ప్రకారం వారం గడువుతో ముగించాలని, తమకు చాలా బాధగా ఉందని. ముగింపు ఉత్తరం నమూనా జీతాలక్క ఎప్పుడో తయారుచేసిందే. పేరు, తేదీ నింపితే చాలు.

“ఇది నేను పంపిస్తాలే అక్కా,” అన్నాడు మేనేజరు, నేలచూపులు చూస్తూ.

“వద్దు. ఎవరో పోస్టులో పంపిన కాగితంలా దానికి అందకూడదు,” అని ఆమె తనే పట్టుకెళ్ళింది.

మెడకు కట్టుతో, దిండుకు ఆనుకుని మైకు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. పక్కనున్న నోటుపుస్తకం తీసి రాసింది. “నీ భాష బాగుందే అక్కా. ఒక్క తప్పు లేదు.” రాసి అక్క ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదు, కోపమూ కాదు. ఎప్పట్లాగే నవ్వించాలని చూసింది. జీతాలక్క ఆ మంచం పట్టె మీద తల పెట్టుకుని గుండె పగిలేలా ఏడ్చింది. చెల్లెలి చెయ్యి ఆమె తల నిమురుతూనే ఉంది.

మర్నాడు ఆమె రాజీనామా ఇచ్చేసి, తను రాసిన ఉత్తరాల నకళ్ళు, లాగిన్ కాగితాలు సంచిలో వేసుకుని కార్మిక కార్యాలయానికి వెళ్ళింది. ఫిర్యాదు తన ఆఫీసు మీదా, ఆ కంపెనీ మీదా. అధికారి కాగితాలన్నీ తిరగేసి కళ్ళద్దాలు తీశాడు.

“వీళ్ళు ఉద్యోగులేనని మీకు ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదటి రోజు నుంచీ తెలుసండి.”

“తెలిసే సంతకం పెట్టించారా?”

“నేనే పెట్టించానండి. అదీ రాసుకోండి.”

విచారణ పదకొండు నెలలు నడిచింది. మైకు ఏడు నెలలే బతికింది. పుండు మళ్ళీ వచ్చింది, ఈసారి ఆపరేషనుకు కూడా వీలు లేకుండా. చివరి వారాల్లో నోటుపుస్తకంలో అక్షరాలు ఒకదానిమీదొకటి పడిపోయేవి. అక్క మీద నింద వేసిన మాట ఒక్కటీ అందులో లేదు. ఉండుంటే తనకు కొంత తేలికగా ఉండేదేమోనని జీతాలక్క అనుకునేది.

తీర్పు ఫిర్యాదుదారు అడిగినట్టే వచ్చింది. నలుగురూ మొదటి రోజు నుంచీ ఉద్యోగులేనని, జబ్బు సెలవు వాళ్ళ హక్కని, మైకును తీసేయడం చెల్లదని, రావలసినదంతా కూతురికి ఇవ్వాలని. మిగతా ముగ్గురూ వచ్చి జీతాలక్క చేతులు పట్టుకున్నారు. అందులో ఒకామె నెలలు నిండుతున్న మనిషి. “నాకు సెలవు ఇచ్చారక్కా, జీతంతో,” అంది. చెప్పి, చెప్పకూడనిదేదో చెప్పినట్టు తల దించుకుంది. జీతాలక్క ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. డాక్టరు చీటీలన్నీ జాగ్రత్తగా దాచుకోమని చెప్పింది.

చెల్లెలి కూతురు ఇప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. మర్యాదగా ఉంటుంది. పెట్టింది తింటుంది, అడిగినదానికి జవాబు చెప్తుంది. తీర్పు కాగితం చూపిస్తే చదివి మడిచి ఇచ్చేసింది. ఆ పిల్ల పెద్దమ్మను అడిగింది ఒక్కటే.

“అమ్మ ఫోనుల్లో మాట్లాడినవన్నీ కంపెనీ రికార్డు చేసేదట కదా. ఒక్కటి ఇప్పిస్తావా? ఏదైనా సరే. ఇంట్లో అమ్మ గొంతు ఎక్కడా లేదు. వీడియోలన్నీ నావే, అమ్మ మాట్లాడకుండా తీసినవే.”

జీతాలక్క స్క్రీనమ్మకు రాసింది. చట్టం ఊసెత్తకుండా, చేతులు జోడించి అడిగినట్టు రాసింది. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ రికార్డింగుల్లో రోగుల సొంత విషయాలు ఉంటాయి కాబట్టి బయటివారికి ఇచ్చే వీలు లేదట. పైగా ఏడాది దాటినవాటిని నియమం ప్రకారం తుడిచేస్తారట. స్క్రీనమ్మ చివర్లో తన తరఫున నాలుగు వాక్యాలు కలిపింది. తనే వెతికించానని, ఒక్కటీ మిగల్లేదని, క్షమించమని.

ఆ ఉత్తరంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నియమాలు అంతే, అలాగే ఉండాలి కూడా. ఆ సంగతి జీతాలక్కకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? కాగితం పట్టుకుని పిల్ల గది ముందు నిలబడింది. పిల్ల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది.

“లేవట తల్లీ. చెరిపేశారట.”

పిల్ల పెన్ను కింద పెట్టలేదు. పుస్తకంలోకే చూస్తూ “సరే పెద్దమ్మా,” అంది. తర్వాత లేచి, విసురుగా కాదు, మెల్లగానే తలుపు దగ్గరగా వేసుకుంది.