పురిటిగది గోడ

అనకాపల్లికి బదిలీ అయి వచ్చిన ఏడాది, ఒక పాత మండువా ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాను. తెల్లదొరల కాలంలో ఒక బెల్లం వ్యాపారి కట్టించిన ఇల్లు. బర్మా టేకు స్తంభాలు, మూరెడు మందం గోడలు. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి కట్టారట. వాన పడితే గోడలకు చీమలు పట్టేవి. ముందు వాటాలో ఆ వంశంవాళ్లే, భార్యాభర్తలు, ఉండేవారు. ఆయన పగలంతా మార్కెట్లోనే.

నా గదికీ వాళ్ల వంటింటికీ మధ్య గోడ మరీ మందం. సెలవు రోజుల్లో, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, అందులోంచి ఎవరో అరచేత్తో నిమురుతున్నట్టు చప్పుడు వచ్చేది. చెవి ఆనిస్తే ఆగిపోయేది.

ఇంటావిడను అడిగాను. చింతపండులో పిక్కలు తీస్తూ చెప్పింది.

"మా అత్తగారు కూడా ఇనీవారమ్మా. అక్కడ పురిటిగది ఉండీదంట. బిడ్డ పోయేక, ఇల్లు కట్టించినాయన భార్య అందులోంచి బయటికి రానని కూకుందంట. తర్వాత గది మూసేసేరు."

"మరి ఆవిడ?"

"పుట్టింటికెల్లిపోయిందని సెప్పీవోరు."

ఆ వానాకాలం గోడ వంటింటి వైపు ఉబ్బి పెచ్చులూడింది. తాపీమేస్త్రి వచ్చి తవ్వితే, ఇటుకలతో పూడ్చిన గుమ్మం బయటపడింది. మనిషి దూరేంత మేర ఇటుకలు తీస్తే, వెనకాల ఇరుకైన గది, ఖాళీగా. పచ్చి పసుపు వాసన. మరో తలుపు లేదు, కిటికీ లేదు, పైన చెక్కలు చెక్కుచెదరలేదు.

నేను లోపలికి దూరి టార్చి వెనక్కి తిప్పాను. పూడ్చిన గుమ్మానికి లోపలి వైపు కూడా సున్నం పూసి ఉంది. నున్నగా, చేత్తో. చిన్న అరచేతుల ముద్రలు, వాటి కింద గాజులు రాసుకున్న గీతలు.

మేస్త్రి తాపీ కింద పెట్టాడు. "లోపల్నుంచి పూసినోలు బయటికెలా వచ్చేరమ్మా?"

ఇంటావిడ ఒక ముద్రలో తన చెయ్యి ఆనించింది.

"మళ్లీ మూయొద్దు," అంది. "తలుపు పెట్టు. గడియ లోపలేపు ఉండాల."

భర్త గొణిగినా తలుపు పెట్టించింది. చప్పుడు ఆగిపోయింది.

ఒకరోజు జ్వరంతో ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. ఆ తలుపు వేసి ఉంది. ఇంటావిడ లోపలుందనుకుని మాత్ర అడగడానికి నెట్టాను. గడియ పెట్టి ఉంది. అంతలో వీధిలోంచి కూరల సంచితో ఆవిడే వచ్చింది. తలుపు వంకా నా వంకా చూసింది.

"ఆవిడ్ని కాసేపు పడుకోనీమ్మా," అంది నెమ్మదిగా.

నెల తిరక్కుండా ఇల్లు మారాను. సామాను ఆటోకెక్కిస్తుంటే ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంటావిడ లోపల చాప దులుపుతోంది.