గాజుగొట్టంలో ఇరవై నిమిషాలు

మా పిన్నిని రక్తపింజర కరిచింది ఒక ఆదివారం పొద్దున, ఎనిమిదిన్నర ప్రాంతంలో. నేనప్పుడు వాళ్ళ వంటింట్లో కొబ్బరి తురుముతున్నాను. తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఏలూరులో ఉంటున్నాను. నెలకోసారైనా కొల్లేటి లంకలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళకపోతే నాకు తోచదు. మా అమ్మ పోయాక నన్ను "అమ్మాయ్" అని పిలిచే మనిషి ఆవిడొక్కతే మిగిలింది.

పిన్నికి డెబ్భై నాలుగేళ్ళు. గేదె కోసం చేపల చెరువు గట్టు మీద గడ్డి కోసుకొస్తానని వెళ్ళింది. కాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, "ముల్లు గుచ్చుకున్నట్టుందమ్మాయ్, ఒకటే మంట" అంది. చూస్తే పాదం పక్కన రెండు గాట్లు. చుట్టూ అప్పటికే వాపు మొదలైంది. వెనకాలే బాబాయి వచ్చారు. "ముల్లు కాదు. నేను చూశాను. ఒంటినిండా గొలుసు మచ్చలు. బుసకొట్టి గడ్డిలోకి పోయింది" అన్నారు.

పక్కింటాయన, అవతలి ఊళ్ళో పసరు పోసే మనిషి ఉన్నాడని, బండి తీస్తానని అన్నాడు. బాబాయి కండువా తీసి పిన్ని పిక్క మీద బిగించబోతున్నారు. అంతలో ఆ వీధిలోనే ఉండే ఆశా కార్యకర్త వచ్చింది. ఆదివారం కదా, చర్చికి బయల్దేరి తెల్లచీరలో ఉంది. చేతిలో బైబిలు సంచీ నాకిచ్చి పిన్ని కాలు దగ్గర కూర్చుంది.

"కట్టకండి బాబాయిగారండీ. గట్టిగా కడితే కాలు పాడవుద్ది. కదలకుండా ఉంచితే చాలు" అంది. రెండు వెదురుబద్దలు అడిగి, కాలుకి అటూ ఇటూ పెట్టి, పాత చీర గుడ్డతో వదులుగా చుట్టింది. చుడుతూనే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతోంది. అంబులెన్సు ఎవరినో కాన్పుకి తీసుకుని ఏలూరు వెళ్ళిందట. అయితే ఆటో పిలవమంది.

"ఏలూరులో నాకు తెలిసిన ప్రైవేటు ఆసుపత్రి ఉంది, అక్కడికి తీసుకెళ్దాం" అన్నాను నేను.

"ఏలూరు గంటన్నర అండి టీచరుగారూ. మన పీహెచ్‌సీ అరగంట. ముందు మందు పడాలి."

"ఆదివారం అక్కడెవరుంటారమ్మా?"

"డాక్టరుగారు ఉన్నారండి. ఇప్పుడు మాట్లాడింది ఆవిడతోనే."

లోపలికెళ్ళి పిన్ని చీరొకటి సంచీలో పెట్టుకున్నాను. మనసులో మాత్రం నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్ళలో ప్రభుత్వాసుపత్రి మెట్లు నేనెక్కింది రెండుసార్లు. రెండుసార్లూ ఎవరినో పలకరించడానికే. స్టాఫ్‌రూములో ఆ మాట వస్తే, గతిలేనివాళ్ళ కోసం అది అని నేనూ అన్నదాన్నే.

ఆటోలో పిన్నిని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. చెరువుల మధ్య గట్టురోడ్డు. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగబట్టేది. దార్లో ఒకసారి ఉమ్మితే చిగుళ్ళ నెత్తురు కనబడింది. అది చూసి బాబాయి ముఖం అటు తిప్పుకున్నారు.

ఆసుపత్రి చిన్నది, పసుపురంగు గోడలు. డాక్టరమ్మాయికి ముప్పై కూడా ఉండవు. ఏ పాము అని మమ్మల్ని పెద్దగా అడగలేదు. వేలుపెట్టి వాపు ఎంతవరకు వచ్చిందో చూసి, అక్కడ పెన్నుతో గీత గీసింది. తర్వాత పిన్ని చేతి నుంచి కాస్త నెత్తురు తీసి కొత్త గాజుగొట్టంలో పోసి, బల్ల మీద స్టాండులో నిలబెట్టింది. గోడ గడియారం చూసి చీటీ మీద టైము రాసుకుంది.

"దీన్నెవరూ కదపకూడదు. ఇరవై నిమిషాలయ్యాక చూద్దాం" అంది.

నా అలవాటు నన్ను ఊరుకోనివ్వలేదు. "దీనివల్ల ఏం తెలుస్తుందండీ?" అని అడిగాను.

"గడ్డ కడితే విషం నెత్తుట్లోకి ఎక్కలేదని అర్థం మేడమ్. కట్టకపోతే ఎక్కినట్టు."

అంతేనా అనిపించింది. కరెంటు యంత్రం లేదు, కంప్యూటరు లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి నేను ఇచ్చే గాజుగొట్టంలాంటిదే, దానిముందు ఒక గడియారం. నేను స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాను. పిన్ని మంచం మీద నుంచి, "ఏం చూస్తున్నావమ్మాయ్ అంత ఇదిగా?" అంది. "నిన్నే చూస్తున్నాను పిన్నీ" అన్నాను. భయం ఒకవైపు ఉంది. దాన్ని మించి, ఏమవుతుందో చూడాలన్న కుతూహలం ఉంది. అందుకు లోపల సిగ్గుపడ్డాను కూడా.

ఇరవై నిమిషాలయ్యాక డాక్టరమ్మాయి గొట్టాన్ని వంచింది. నెత్తురు నీళ్ళలా అంచుదాకా జారింది.

ఆవిడ ఒక్కమాటా వృథా చేయలేదు. నర్సు సెలైను పెట్టింది. ఫార్మసిస్టు ఫ్రిజ్ తెరిచి చిన్నచిన్న సీసాలు పది తీసి ట్రేలో పెట్టాడు. ఆ పదీ సెలైన్లో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ మందు ఒంటికి పడకపోతే ఇవ్వడానికి ఇంకో సూది సిద్ధంగా పట్టుకుని నర్సు గంటసేపు మంచం పక్కనే నిలబడింది. బాబాయి నెమ్మదిగా వచ్చి, "ఈ మందు బయట కొనుక్కురావాలాండీ?" అని అడిగారు. "అక్కర్లేదండి" అంది నర్సు, ఆయన వైపు చూడకుండానే, పిన్ని నాడి పట్టుకుని.

ఆ గంటలో నేను ఫార్మసిస్టుని ప్రశ్నలతో విసిగించాను. ఆయన విసుక్కోలేదు. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కిస్తారట. వాటి ఒంట్లో విరుగుడు తయారవుతుంది. ఆ నెత్తుటి నుంచే ఈ మందు తీస్తారు. ఈ ప్రాంతంలో ప్రాణం తీసే పాములన్నిటికీ ఇదొక్కటే.

"ఎక్కడో పాముల్ని పట్టి విషం తీసేవాళ్ళు, ఎక్కడో గుర్రాలు, అక్కడి నుంచి ఐసుపెట్టెలో చల్లదనం తగ్గకుండా ఇక్కడిదాకా రావాలండి. మధ్యలో ఒక్కరు ఏమరితే అంతే" అన్నాడాయన.

పిన్ని అంతా విన్నట్టుంది. "నాకు గుర్రం నెత్తురు ఎక్కిస్తున్నారా బాబూ?" అంది నీరసంగా. నర్సు మొదటిసారి నవ్వింది.

నెత్తురు గడ్డకట్టడం మొదలైంది గానీ, మూత్రం తగ్గుతోందని డాక్టరమ్మాయి మధ్యాహ్నం అంబులెన్సులో ఏలూరు పెద్దాసుపత్రికి పంపించింది. తానే ఫోను చేసి అక్కడి డాక్టరుకి అంతా చెప్పింది. అక్కడ పిన్నికి నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. విషం మూత్రపిండాల్ని దెబ్బతీసిందన్నారు, కోలుకునే అవకాశముందన్నారు. తోడుగా నేనే ఉన్నాను.

పక్క మంచానికి పెదవేగి వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాడట. నలభై దాటినట్టు లేడు. పాము కరవలేదు, ఏమీ జరగలేదు. ఒకరోజు కాళ్ళు వాచాయని వెళ్తే కిడ్నీలు పోయాయన్నారట. "రెండేళ్ళ నుంచి వారానికి మూడుసార్లు వస్తున్నానండి. అమ్మగారికి నాలుగుసార్లతో అయిపోద్దంటున్నారు. అదృష్టమండి" అన్నాడు. ఎందుకు పోయాయో ఎవరైనా చెప్పారా అని అడిగాను. "నీళ్ళంటారు, ఎండంటారు, నొప్పి బిళ్ళలంటారు. ఎవరికీ సరిగ్గా తెలీదండి. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పాము కాటు ఒక ప్రమాదం. మందు పడితే అయిపోతుంది. ఈయనది బతికినన్నాళ్ళూ తోడుండే జబ్బు. బీపీ, సుగరు, కిడ్నీ, ఇలాంటివాళ్ళు ఊరూరా పెరుగుతుంటే ఈ మంచాలు, ఈ నర్సులు ఎంతమందికి సరిపోతారు?

పదిహేడో రోజున పిన్నిని ఇంటికి పంపించారు. కాలు మీద మచ్చ మిగిలింది, కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. అంతకుమించి లోటేమీ లేదు.

నెల తర్వాత నేను ఆ చిన్న ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాను. కృతజ్ఞత చెప్పాలని ఒకటి, అడగాల్సినవి మిగిలిపోయాయని రెండోది. ఓపీ అయ్యేదాకా కూర్చుని, లోపలికి వెళ్ళి డాక్టరమ్మాయిని, "ఆ ఆదివారం మీరు లేకపోయి ఉంటే?" అని అడిగాను.

"నర్సుగారు మొదలుపెట్టేవారు మేడమ్. ఆవిడకి నాకంటే ఎక్కువ అనుభవం. నాకు మొదటి పాముకాటు కేసు నేర్పింది ఆవిడే."

"ఆవిడ లేకపోతే?"

"ఆవిడ వచ్చే ఏడాది రిటైరవుతున్నారు" అంది. తనకూ పీజీ సీటు వస్తే వెళ్ళిపోతానంది. దాచాల్సిన విషయం కాదన్నట్టు మామూలుగా చెప్పింది.

"మీ తర్వాత ఎవరొస్తారు?"

"వస్తారు మేడమ్. ఎప్పుడన్నది తెలీదు. ఫార్మసిస్టుగారు ఇప్పటికే రెండు ఆసుపత్రులు చూసుకుంటున్నారు. మందులు వానలకి ముందే అడిగి తెప్పించుకుంటాం, అది ఇబ్బంది లేదు. మనుషులే కష్టం." బల్ల మీది చీటీలు సర్దుతూ మళ్ళీ అంది. "ఇక్కడ పోస్టు ఎందుకు ఖాళీగా ఉందని అడిగేవాళ్ళు కూడా తక్కువ మేడమ్. అడగగలిగినవాళ్ళు ఇక్కడికి రారు కదా."

ఆ అమ్మాయి నన్ను ఉద్దేశించి అనలేదు. నా సంగతేమీ ఎరగదు. కానీ తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని, అది నా గురించే అని ఒప్పుకున్నాను. నా జీతంలోంచి పన్ను పోయింది, ఓటు వేశాను, పిల్లలకి టీకాల గురించి పాఠం చెప్పాను. ఆ టీకా ఏ గదిలో ఉంటుందో, ఎవరి చేతుల మీదుగా పిల్లలకి అందుతుందో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు.

ఏలూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఆరోగ్య కేంద్రం ఉంది. ఆరేళ్ళుగా దాని ముందు నుంచే కూరల కోసం వెళ్తున్నాను. మర్నాడు నా బీపీ చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ, చేతిలో మాత్రల ఖాళీ అట్ట. నన్ను ఎగాదిగా చూసి, "కొత్తగా వచ్చారాండీ?" అంది.

"అవునండి" అన్నాను.

"అయితే ముందు ఆ కిటికీ దగ్గర పేరు రాయించుకోవాలండి. నేను మీ చోటు చూస్తాను, వెళ్ళి రండి."

నేను వెళ్ళి పేరు చెప్పాను. లోపలున్న అమ్మాయి వయసు రాసుకుని, ఎన్నాళ్ళ నుంచి బీపీ అని అడిగింది. తొమ్మిదేళ్ళని చెప్పాను. ఇన్నాళ్ళూ ఎక్కడ చూపించుకున్నారని అడగలేదు. గది నంబరు చెప్పి, ఇంకొకరిని పిలిచింది.