ట్యాంకరు నిండా తీర్థం

మా ఊళ్ళో నీళ్ళకు ఒకప్పుడు ఎంత మర్యాద జరిగేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు పోయేవి. ముఖం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయేవి. చుట్టం సగం తాగి పెట్టిన చెంబులో మిగిలినవి కూడా ఊరికే పారబోసేవాళ్ళం కాదు. ఏ నీళ్ళు ఎక్కడికి పోవాలో ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఆ రోజుల్లో ఒక్క రోజు మాత్రం, ఉన్న నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియక మా స్త్రీల సంఘమంతా ట్యాంకరు చుట్టూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈమధ్య మా పెద్దమ్మ పోయింది. ఆమె గురించి ఏదైనా రాయమని సంఘంవాళ్ళు అడిగితే, ఆమె మంచితనం గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ ఎంతసేపూ ఆ ట్యాంకరే గుర్తుకొస్తూ ఉంది.

నాకు అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది. రాయదుర్గానికీ కణేకల్‌కూ మధ్య ఉన్న ఈ ఊళ్ళో మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ ఒంటరిగా ఉండేది కాబట్టి ఆమె ఇంట్లోనే దిగాను. పెదనాన్న పోయి అప్పటికే చాలా కాలమైంది. పెద్దమ్మ వారమంతా బస్సులో రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టేది. ఆదివారం మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, స్త్రీల సంఘానికి అధ్యక్షురాలు. గుడి ఊడ్చడం, పీఠం మీది గుడ్డలు ఉతకడం, జబ్బుపడ్డవాళ్ళను చూడటానికి పోవడం, చావు జరిగిన ఇంటికి అందరికంటే ముందు పోయి పొయ్యి వెలిగించడం వాళ్ళ పని. (మోకరించేవాళ్ళకు మెత్తగా ఉండాలని మిగిలిపోయిన జీన్స్ ముక్కలతో దిండ్లు కూడా కుట్టారు. గట్టి గుడ్డ. అవి ఇప్పటికీ చినగలేదు.) నేను సంఘంలో చేరలేదు, పెద్దమ్మ చేర్చింది. పుస్తకాలు చదివే పిల్లనని నాకు పేరుండేది. ఎర్రగడ్డలు తరగడం రాదని కూడా పేరుండేది. రెండూ నిజమే.

ఆ ఏడు మాత పండుగకు బిషప్‌గారు వస్తారని తెలిసింది. ప్రతి ఏడూ పండుగ భోజనానికి బళ్ళారి నుంచి వంటవాళ్ళను పిలిచేవాళ్ళు. ఈసారి మీటింగులో పెద్దమ్మ లేచి, "మేమే వండుతాం" అంది. విచారణ కౌన్సిల్లో పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఊరందరికీ ఆయన కౌన్సిల్ మామే. ఏం జరిగినా "నేను అప్పుడే చెప్పినా" అనడం ఆయన అలవాటు. జరగకముందు చెప్పగా మాత్రం ఎవరూ వినలేదు. "ఏమ్మా, ఇంట్లో వండేది వేరే, ఊరికి వండేది వేరే. పూజ అయ్యే టయానికి అన్నం కాకపోతే బిషప్‌గారి ముందర మన పరువు ఏం గావల్ల?" అన్నాడు. పెద్దమ్మ ఆయన వైపు చూసి, "కాకపోతే మళ్ళా పండగ పొయ్యి కాడికి మా సంఘం రాదన్నా. వంటింటి తాళంచెవి నీ చేతికే ఇస్తా, సరేనా?" అంది. సంఘం ఆడవాళ్ళందరూ ఆమె వైపు చూశారు. వాళ్ళను అడగకుండానే ఆమె పందెం వేసేసింది. పూజ ముగిసే లోపల అన్నం, మటన్ దించాలి. లేకపోతే అంతే.

పండుగ రోజు పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు వచ్చింది. గుడి బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ట్యాంకరన్న కణేకల్ వైపు ఒక రైతు బావి నుంచి నీళ్ళు తెచ్చేవాడు. కరెంటు ఉన్నప్పుడే నింపాలి కాబట్టి ఆ రోజుకు ఇంకో ట్యాంకరు రాదు. ఆయన ట్యాంకరు కొత్తది. దానికి అప్పటికే పసుపు, కుంకుమ పెట్టి, ముందర నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉంచాడు. అయినా మా ఫాదర్‌ను చూసి చేతులు కట్టుకుని, "సామీ, మీరు గూడా రోంత మంత్రించండి. ఎవురిది పనిచేస్తే వాళ్ళది" అన్నాడు. ఫాదర్‌కు వయసైపోయింది. కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి, బళ్ళను ఆశీర్వదించే పుస్తకమూ ఇంట్లోనే ఉంది. ఎదుట బిషప్‌గారిని తీసుకురావడానికి జీపు తయారుగా ఉంది. దాంతో ఆయన కళ్ళు మూసుకుని తనకు నోటికొచ్చిన ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయనకు నోటికొచ్చింది ప్రతి ఆదివారం తీర్థం నీళ్ళ మీద చెప్పే ప్రార్థన.

ఆ ప్రార్థన మొదలైతే పళ్ళెంలో ఉప్పు అందించడం పెద్దమ్మ పని. ఎన్నో ఏళ్ళ అలవాటు. వంటకు తెచ్చిన ఉప్పు ఆమె చేతిలోనే ఉంది. అందించింది. ఫాదర్ తీసుకున్నాడు. ట్యాంకరన్న ఎగిరి ఎక్కి పైన మూత తీశాడు, ఫాదర్ నిచ్చెన ఎక్కి ఉప్పు లోపల వేసి సిలువ గుర్తు వేశాడు. మేమంతా "ఆమెన్" అన్నాం. నా గొంతు అందరికంటే గట్టిగా వినిపించిందని తర్వాత చాలామంది గుర్తుచేశారు. ఫాదర్ జీపెక్కి వెళ్ళిపోయాడు.

దుమ్ము ఇంకా అణగకముందే వెనక నుంచి జపమాలవ్వ గొంతు వినిపించింది. సంఘంలో అందరికంటే పెద్దది ఆమె. నిద్రలో కూడా జపమాల వదలదు కాబట్టి ఆ పేరు. "అంతా బాగుండాది గానీ, తీర్థంతో అంట్లెట్ల తోమేదమ్మే?" అంది.

పెద్దమ్మ తన చేతిలో మిగిలిన ఉప్పు వైపు చూసుకుంది.

"అన్నం వండితే తప్పు లేదు, కడుపులోకే గదా పోయేది" అంది ఒకామె. "బియ్యం కడిగిన నీళ్ళో?" అంది జపమాలవ్వ. "మటన్ కడిగిన నీళ్ళో? గంగాళాలు తోమిన నీళ్ళో? అవన్నీ కాలవలోకి పోతాయి. ఆ కాలవలో పందులు పండుకుంటాయి." ఇంకొకామె నెమ్మదిగా, "బిషప్‌గారి బాత్రూములో రెండు బకెట్లు పెట్టమని ఫాదర్ చెప్పినాడే" అంది. ఆ మాటకు అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు. ఫాదర్‌కు ఫోన్ చేస్తే ఫోన్ కళ్ళద్దాల పక్కనే మోగింది.

అప్పుడు పెద్దమ్మ నా వైపు తిరిగింది. "పాపా, నువ్వు అన్నీ చదువుతావు గదా. ఏముండాదో చెప్పు." జీవితంలో మొదటిసారి సంఘమంతా నా మాట కోసం ఎదురుచూస్తోంది. ఎర్రగడ్డలు పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాను. ఆశీర్వదించిన వస్తువు అక్కర తీరాక కాల్చాలి, లేదంటే మట్టిలో కలపాలి, అపవిత్రమైన చోట పారేయకూడదు అని చదివినట్టు గుర్తు. అదే చెప్పాను. (మంచి నీళ్ళు మంచి పనికి వాడితే ఏమీ కాదని ఆ పక్క పేజీలో ఉండి ఉండవచ్చు. నేను ఆ పేజీ చదవలేదు.)

"మట్టంటే యా మట్టి?" అంది పెద్దమ్మ.

"ఆశీర్వదించిన మట్టి ఈడ ఒక్క చోటే ఉండాది" అని జపమాలవ్వ గుడి వెనక్కు చెయ్యి చూపించింది. అక్కడ మా సమాధుల తోట ఉంది.

అంతే, వంట పనిలో కడిగేదంతా సమాధుల తోటకు మారింది. పొయ్యిలు గుడి పక్కన, నీళ్ళు గుడి ముందర, కడగడం గుడి వెనక. ప్రతి బిందె ఆ మూడు చోట్లా తిరగాలి. ఎవరి ఇంటివాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు కూర్చున్నారు. మటన్ గంపను పెద్దమ్మ పెదనాన్న సిలువ పక్కన దించింది. "బతికుండగా మటనంటే పాణం ఇడిసేటోడు. వాసనన్నా చూడనీ" అంది. పక్క సమాధి దగ్గర బియ్యం కడుగుతున్నామె, "మా అత్తకు నా చేతి బియ్యం ఏనాడూ నచ్చలేదక్కా. ఇప్పుడు నోరెత్తు సూద్దాం" అని కడుగు నీళ్ళు తలవైపు పోసింది. టమాటాలు, కొత్తిమీర, ఒకప్పుడు ఊరి పిల్లలకు జపాలు నేర్పిన ఉపదేశి తాత సమాధి దగ్గర నా వంతుకు వచ్చాయి.

ఆలస్యమైపోతోందని అందరికీ తెలుసు. కౌన్సిల్ మామ చేతిలో ఫోన్ పట్టుకుని వచ్చాడు. పొయ్యి మీద ఇంకా ఎసరు కూడా పెట్టలేదు. "నేను అప్పుడే చెప్పినా! బళ్ళారోళ్ళకు ఫోన్ చేస్తాండా."

"చెయ్‌ అన్నా" అంది పెద్దమ్మ తల ఎత్తకుండా. "వాళ్ళొచ్చినా ఇవే నీళ్ళు గదా. వాళ్ళకు ఈ తోట యాడుండాదో నువ్వే చూపియ్యల్ల. అంతవరకూ ఈ బకెట్లు అందుకో."

మామ ఫోన్ జేబులో పెట్టి, పంచె ఎగ్గట్టి బకెట్లు అందుకున్నాడు. మాటకు మాట వెతుక్కోలేక అందుకున్నాడని కొందరు, తన తండ్రి సమాధి చుట్టూ మట్టి తడవాలని అందుకున్నాడని కొందరు అంటారు.

బిషప్‌గారిని గుడి ముందర పూలదండలతో, తప్పెట్లతో ఎదుర్కోవాలని ఏర్పాటు. కానీ ముందర దారికి అడ్డంగా ట్యాంకరు ఉంది. జీపు డ్రైవరు బుద్ధిమంతుడు, వెనక దారిలో తీసుకొచ్చాడు. అలా మా బిషప్‌గారు ముందుగా చూసింది, సమాధుల మధ్య కొంగులు బిగించి మటన్ కడుగుతున్న స్త్రీల సంఘాన్ని, రెండు చేతులా మురికి బకెట్లతో నిలబడిపోయిన కౌన్సిల్ పెద్దనూ. జీపు ఆగింది.

బిషప్‌గారు దిగి నెమ్మదిగా, "ఏమమ్మా, ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నారు. పెద్దమ్మ పసుపు చేతులతోనే మోకరించి ఆయన ఉంగరం ముద్దుపెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. మా ఫాదర్, "నేను బండిని కదా ఆశీర్వదించింది?" అన్నాడు. "ఉప్పేసినారు సామీ" అంది పెద్దమ్మ. ఆయన కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు.

బిషప్‌గారు నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డారు. "ఈ నీళ్ళు ఎందుకు తెప్పించారమ్మా?"

"జనానికి అన్నం పెట్టేదానికి సామీ."

"అయితే అదే పవిత్రమైన పని. ఎక్కడైనా కడుక్కోండి, ఎక్కడైనా పోయండి. నేను చెబుతున్నాను."

"మీరు చెప్పినారు, నాకు సాలు. జపమాలవ్వ ఒప్పుకోవల్ల."

అందరం జపమాలవ్వ వైపు చూశాం. ఆమె జపమాల పూస జరపకుండా, "బిషప్‌గారు సాయంత్రానికి అనంతపురం పోతారు. దేవుని కాడికి ముందు పోయేది నేను. ఆడ జవాబు చెప్పేది నేనే గదా" అంది. కాబట్టి కడగడం తోటలోనే సాగింది.

అప్పుడు పెద్దమ్మ, మా ఊళ్ళో ఎవరూ ఏ గురువునూ అడగనిది అడిగింది. "సామీ, ఒక్క మనవి. పూజ అయ్యేలోగా అన్నం కావల్లని పందెం ఏసుకున్నా. మీరు ఈ పొద్దు ప్రసంగం రోంత పొడుగు చెప్పండి. మటన్ ముదురుది, ఉడకల్ల."

బిషప్‌గారు ఆమెను, కౌన్సిల్ మామనూ, మార్చి మార్చి చూశారు. "ఉడికిందని నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

అలా నాకు ఆ పండుగలో అసలు పని దొరికింది. చేతిలో పొడుగు గరిటెతో గుడి పక్క వాకిలి దగ్గర నిలబడ్డాను. ఉడికితే గరిటె ఎత్తాలి. లేదంటే తల అడ్డంగా ఊపాలి. ఆయన మాత వినయం గురించి మొదలుపెట్టారు. చక్కగా ముగించి నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. "ఇంకొక విషయం, ప్రియ సహోదరీ సహోదరులారా" అని కానా ఊరి పెళ్ళిలోకి వెళ్ళారు. అక్కడ ద్రాక్షారసం అయిపోయింది, మా దగ్గర మటన్ ఇంకా కాలేదు. మళ్ళీ తల ఊపాను. "మరొక విషయం." మోకరించే జీన్స్ దిండ్లను కూడా పొగిడారు. పిల్లలు నిద్రపోయారు, కౌన్సిల్ మామ కూడా నిద్రపోయాడు. ఆయన కణేకల్ కాలువ మీదుగా యోర్దాను నదికి వెళ్ళబోతుండగా పొయ్యి దగ్గర నుంచి పెద్దమ్మ చెయ్యి ఊపింది. నేను గరిటె ఎత్తాను. "ఆమెన్" అన్నారు బిషప్‌గారు, వాక్యం మధ్యలో. మిగిలిన పూజ ముగిసి జనం బయటికి వచ్చేసరికి విస్తళ్ళు పరిచి ఉన్నాయి, అన్నం మీద ఆవిరి లేస్తోంది. తాళంచెవి పెద్దమ్మ నడుముకే ఉండిపోయింది. కౌన్సిల్ మామ మూడోసారి వడ్డించుకుంటూ, "మీరు వండగలరని నేను అప్పుడే చెప్పినా" అన్నాడు.

కొన్నాళ్ళకు ఉపదేశి తాత సమాధి మీద టమాటా మొక్కలు మొలిచాయి. కాయలు కోయవచ్చా, కూడదా అని మళ్ళీ నన్నడిగారు. ఈసారి నేను నోరు మెదపలేదు. పెద్దమ్మ కోసుకొచ్చి పప్పులో వేసింది.

ఇప్పుడు గుడికి కుళాయి ఉంది. పండుగ వంట బయటివాళ్ళే చేస్తున్నారు, ఎవరూ పందెం వేయడం లేదు. పెద్దమ్మను సమాధి చేసిన రోజు గుడి నిండిపోయింది. లోపల చోటు లేక నేను పక్క వాకిలి దగ్గరే నిలబడ్డాను. ప్రసంగం చెబుతున్న ఫాదర్ కుర్రవాడు, ఈ కథ ఏదీ తెలియనివాడు. నాలుగు మంచి మాటలు చెప్పి, ఆగి, ఎందుకో నా వైపు చూశాడు. ఆయన ముగిస్తే పూజ ముగుస్తుంది. పూజ ముగిస్తే పెట్టెను వెనక తోటకు, పెదనాన్న పక్కకు మోసుకుపోతారు. ఇంత వయసొచ్చి, ఇన్ని చావులు చూసి, నేను ఆ వాకిట్లో నిలబడి ఆయనకు తల అడ్డంగా ఊపాను.