ఏసీ ఆపి పాడించిన మాస్టారు

దోహాలో మాకు సెలవు రోజైన శుక్రవారం ప్రార్థన ముగించుకుని చర్చి బయటికి వస్తుండగా ఫోన్ మోగింది. గుడివాడ నుంచి పిన్నిగారు, మాస్టారి భార్య. "మాస్టారు వెళ్ళిపోయారమ్మా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారు, అంతే," అన్నారు. ఆవిడ గొంతు నిలకడగానే ఉంది. నేనే ఫోన్ మావారి చేతికిచ్చి కాసేపు ఆ ఎండలోనే నిలబడిపోయాను.

మాస్టారు అంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. దోహాలో ఒక కంపెనీ తరఫున సభలకూ వేడుకలకూ మైకులు, స్పీకర్లు అమర్చడం ఆయన డ్యూటీ. సెలవు రోజుల్లో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని తన ఫ్లాట్ హాల్లో మనవాళ్ళ చేత పాటలు పాడించి, రికార్డు చేసి, యూట్యూబులో విడుదల చేసేవారు. ఆ పాటల సంస్థకు పిన్నిగారి పేరే పెట్టుకున్నారు. "నా పేరు ఊరూరా మోగించేస్తున్నారు, సిగ్గేస్తోంది," అని ఆవిడ నవ్వేవారు. నిజంగానే మోగింది. నిజామాబాద్, జగిత్యాల వైపు పెళ్ళి బరాత్‌లలో ఆ పాటలు పడాల్సిందే. అక్కడివాళ్ళు వాటిని దుబాయ్ పాటలంటారు. "ఖతార్‌లో చెమటలు కక్కేది మనం, పేరేమో దుబాయ్‌కి," అని మాస్టారు వేళాకోళం చేసేవారు.

చెమటలన్నది ఉత్త మాట కాదు. ఏసీ హోరు మైకులో పడుతుందని, పాడేటప్పుడు ఏసీ ఆపేసేవారు. గోడలకు దుప్పట్లు, కిటికీలకు పరుపులు. జూలైలో ఆ హాలు ఆవిరి కుడుములా ఉడికేది.

మేం వాళ్ళ పక్క ఫ్లాట్‌లోకి దిగిన కొత్తలో ఒకసారి తలుపు కొట్టారు. భుజాన తువ్వాలు, ఒళ్ళంతా చెమట. "అమ్మాయ్, మీ కుక్కర్ కాసేపు ఆపుతావా? మా పాటలో విజిల్ పడుతోంది," అన్నారు. క్షమించమన్నాను. ఆయన వెళ్ళలేదు. "చర్చిలో పాడతావా?" అని అడిగారు. మాట వింటే తెలిసిపోయిందట. ఆ సాయంత్రమే కోరస్‌లో నిలబెట్టారు.

ఆయన దగ్గర పాడినవాళ్ళెవరూ సంగీతం నేర్చుకున్నవాళ్ళు కారు. వాళ్ళలో ఒక జగిత్యాల తమ్ముడు ఉండేవాడు. కట్టే భవనాలకు ఇనుప పరంజా బిగించే పని. ఒక శుక్రవారం అల్ అజీజియా నుంచి బస్సెక్కి వచ్చి, గుమ్మంలోనే అన్నాడు: "నా చెల్లె పెండ్లి సారు. కంపెనీ ఛుట్టీ మాఫీ, లేదు పొమ్మన్నది. నేను పోకుంటే నా పాటన్న పోవాలె."

పాట తనే కట్టుకొచ్చాడు. అప్పగింతలప్పుడు అన్న చెల్లెలితో అనే మాటలు. మా కీబోర్డు ఆయనది భీమవరం. ఎకౌంట్స్‌లో ఉద్యోగం, మంచివాడు. "ఆ 'పోతున్నవా' బదులు 'వెళుతున్నావా' అంటే అందరికీ అర్థమవుద్ది కదండీ," అన్నాడు.

"చెల్లెలితో మాట్లాడేది అతనండీ. మధ్యలో మనమెవరం?" అన్నారు మాస్టారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు ఎవరూ.

ఏసీ ఆగింది. తమ్ముడు మొదలుపెట్టాడు, మొదటి వరుసలోనే ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అంతే. మాస్టారు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "పాడకు నాయనా. చెప్పు. అమ్మాయ్, నువ్వెళ్ళి అతని ఎదురుగా కూర్చో," అన్నారు. కూర్చున్నాను. తమ్ముడు నన్ను చూస్తూ, నాలో వాళ్ళ చెల్లెల్ని చూస్తూ, చివరిదాకా పాడాడు. చెల్లెలి జవాబు నేను పాడాలి. చర్చిలో పాడే తీరంతా మర్చిపోయి, మా అన్నయ్యతో మాట్లాడినట్టే పాడేశాను. అయ్యాక మాస్టారు కళ్ళు తుడుచుకుని, "యల్లా, కానీయండి, ఇంక ఏసీ వేయండి, చచ్చిపోతున్నాం," అన్నారు. అందరం ఒక్కసారి నవ్వేశాం.

పెళ్ళయ్యాక తమ్ముడు వీడియో తెచ్చి చూపించాడు. ఊళ్ళో పాట మోగుతుంటే ఆ పిల్ల స్పీకర్ మీద చెయ్యి వేసి నిలబడింది, అన్న భుజం మీద వేసినట్టు. "సూడక్కా, మా అమ్మ ఏడుస్తలేదు, నవ్వుతున్నది!" అని వీడియో మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపాడు.

ఆ పాట ఎక్కడెక్కడికో పోయింది. పేరున్న గాయకుడితో మళ్ళీ పాడిస్తామని హైదరాబాద్ నుంచి ఎవరో అడిగితే, మాస్టారు తను జవాబు చెప్పకుండా ఫోన్ తమ్ముడికిచ్చారు. "వాళ్ళను గూడ పాడుకోమనుండ్రి సారు. మనది మనకున్నది గదా," అన్నాడతను. మాస్టారి ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

ఉద్యోగం విరమించి ఆయన ఊరెళ్ళాక ఇక్కడ మా పాటలు తగ్గాయి గానీ, మాలో ఎవరం పాడటం మానలేదు. నన్నెవరైనా సింగర్ అంటే ఇప్పుడు సిగ్గుపడను. అది ఆయన పెట్టిన భిక్షే.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు పిన్నిగారికి ఫోన్ చేశాను. ఓదార్చాలనుకున్నాను. ఆవిడే నాకు కబురు చెప్పారు.

"నిన్న సాయంత్రం మా వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళిందమ్మా. మన గుంపు పాడిన ఏదో తీన్‌మార్ పాట. నాకే సరిగ్గా గుర్తులేదు. మన షామియానా చూసి పాపం డీజే ఆపేశారు. గబగబా గేటు దగ్గరకెళ్ళి, ఆపకండయ్యా, పెట్టండి అన్నాను."

"ఎవరి పాటో చెప్పారా పిన్నిగారూ?"

"ఎందుకమ్మా? పిల్లలు హాయిగా ఎగురుతున్నారు. పెళ్ళికూతురు కూడా కారు దిగి రెండు గంతులేసింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూస్తూనే ఉన్నాను."